గేరు మారని కారు – పి 0725 ఏం చెబుతుంది?

కారుకు గేర్లు ఎందుకు?

ఆగి ఉన్న ఎడ్లబండిని కదిలించడం కష్టం. ఎద్దులు మెడలు వంచి లాగుతాయి. బండి కదిలాక అంత బలం అక్కర్లేదు. అప్పుడు వేగం కావాలి. కారు కూడా అంతే. కదిలేటప్పుడు బలం కావాలి. అందుకు ఒకటో గేరు. రోడ్డెక్కాక వేగం కావాలి. అందుకు నాలుగో గేరు, అయిదో గేరు.

మామూలు కారులో ఈ గేర్లను నడిపేవాళ్ళే మారుస్తారు. ఎడమకాలితో క్లచ్చి తొక్కుతారు. ఎడమచేత్తో గేరు రాడ్డు జరుపుతారు. ఆటోమేటిక్ కారులో ఈ పనులు లేవు. క్లచ్చి పెడలే ఉండదు. గేర్లను కారే మార్చుకుంటుంది.

మన దేశంలో చాలాకాలం ఇవి డబ్బున్నవాళ్ళ కార్లే. 2014లో మారుతి సెలెరియో అనే చిన్న కారు ఈ సౌకర్యంతో వచ్చింది. ధర కూడా తక్కువే. ఆ తర్వాత మరికొన్ని చిన్న కార్లు వచ్చాయి. ట్రాఫిక్కులో మాటిమాటికీ క్లచ్చి తొక్కే బాధ లేదు కదా! అందుకే చాలామంది వీటిని ఇష్టపడతారు.

అయితే ఈ కారు మొరాయిస్తే మాత్రం బెదిరిపోతారు. "గేర్ బాక్సు పోయింది" అనే మాట వింటే గుండె జారిపోతుంది. గేర్ బాక్సు పని పదుల వేలల్లో ఉంటుంది. లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. అప్పు చేసి కొని, కిరాయికి తిప్పే కారు అయితే ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

కానీ గేర్లు సరిగా పడకపోతే గేర్ బాక్సే చెడిపోయిందని కాదు. ఒక్కోసారి తప్పు చిన్న వైరులో ఉంటుంది. అది ఎలా తెలుస్తుందో చూద్దాం.

రెండు రోకళ్ళు

ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో దంచుతున్నారనుకోండి. ఒకరి రోకలి లేచినప్పుడు రెండోవారి రోకలి దిగుతుంది. ఒకరి వేగం ఒకరికి తెలియాలి. ఒకరు వేగం పెంచితే రెండోవారూ పెంచాలి. ధ్యాస పక్కకు పోయిందా, రోకలికి రోకలి తగులుతుంది. చేతులు అదిరిపోతాయి.

ఇంజనూ గేర్ బాక్సూ ఈ ఇద్దరి లాంటివే. ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో గేర్ బాక్సుకు తెలియాలి. తెలిస్తేనే సరైన క్షణంలో గేరు మారుతుంది. తెలియకపోతే గేరు ధడేలుమని పడుతుంది. లేదా అసలు మారదు.

చాలా ఆటోమేటిక్ కార్లలో ఇంజనుకూ గేర్ బాక్సుకూ మధ్య గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. దాన్నిండా ఆయిలు. లోపల రెక్కల చక్రాలు రెండు, ఎదురెదురుగా. ఒక చక్రం ఇంజనుతో పాటు తిరుగుతుంది. దాని ఊపుకు ఆయిలు కదిలి రెండో చక్రాన్ని తిప్పుతుంది. తిరిగే ఫ్యాను ఎదురుగా ఇంకో ఫ్యాను పెట్టండి. కరెంటు లేకపోయినా ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది. ఇదీ అలాంటిదే. రెండో చక్రం మొదటిదాని కన్నా కాస్త వెనకబడి తిరుగుతుంది. ఎంత వెనకబడిందో లెక్క కట్టడానికి కారులో ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దాన్ని గేరు కంప్యూటరు అందాం. ఇంజనుకు వేరే కంప్యూటరు ఉంటుంది. కొన్ని కార్లలో రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి.

సెలెరియో లాంటి చిన్న కార్లలో ఈ ఆయిలు డబ్బా ఉండదు. మామూలు క్లచ్చే ఉంటుంది. దాన్ని మనిషి కాలికి బదులు మిషను తొక్కుతుంది. అయినా అక్కడ కూడా ఇంజను వేగం తెలియకుండా పని జరగదు.

పళ్ళు లెక్కపెట్టే సెన్సార్

మరి ఇంజను వేగం ఎలా తెలుస్తుంది?

ఇంజను లోపల లావుపాటి ఇనుప కడ్డీ తిరుగుతుంది. దాని పేరు క్రాంక్ షాఫ్ట్. దాని చివర సైకిలు పళ్ళచక్రం లాంటిది ఉంటుంది. చాలా కార్లలో ఈ చక్రం మీద 60 పళ్ళకు చోటు ఉంటుంది. కానీ 58 పళ్ళే ఉంటాయి. రెండింటిని కావాలనే వదిలేస్తారు. ఆ ఖాళీ ఎదురైనప్పుడల్లా ఒక చుట్టు పూర్తయిందని లెక్క. జపమాలలో మేరుపూస చేతికి తగిలినట్టన్న మాట.

ఈ చక్రానికి దగ్గరగా బొటనవేలంత సెన్సార్ బిగించి ఉంటుంది. చక్రానికీ దానికీ మధ్య సందు దాదాపు 1 మిల్లీమీటరు. ఏటీఎం కార్డు మందం కన్నా కాస్త ఎక్కువ, అంతే. కొన్ని సెన్సార్లలో అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ ఉంటాయి. ఇనుప పన్ను ఎదురుగా వచ్చి పోయినప్పుడల్లా ఆ తీగలో కొద్దిపాటి కరెంటు పుడుతుంది. కంప్యూటరు ఆ కరెంటు దెబ్బలను లెక్కపెడుతుంది.

బండి ఆగి ఇంజను మాత్రం తిరుగుతుంటే నిమిషానికి సుమారు 800 చుట్లు. అంటే సెకనుకు 13 చుట్లు. 58 పళ్ళతో లెక్క వేస్తే సెకనుకు 750 పళ్ళు దాటిపోతాయి. సెన్సార్ ఒక్కదాన్నీ వదలకుండా లెక్క అందించాలి. నడిపేవాళ్ళ ముందు ముల్లు తిరిగే మీటరు ఉంటుంది చూశారా? చాలా కార్లలో రెండు మీటర్లు ఉంటాయి. ఒకటి బండి వేగం చూపుతుంది. రెండోది ఈ ఇంజను చుట్లు చూపుతుంది.

కోడ్ చదవడం

ఈ లెక్క గేరు కంప్యూటరుకు అందకపోతే అది ఊరుకోదు. ముందున్న పలకలో పసుపు దీపం వెలిగిస్తుంది. దాని మీద ఇంజను బొమ్మ ఉంటుంది. ఆ తర్వాత కారు కుంటి నడకలో పడుతుంది. అంటే ఏదో ఒక్క గేరులోనే ఉండిపోతుంది. చాలా కార్లలో అది రెండో గేరో, మూడో గేరో అవుతుంది. కారు కదలడానికి మూలుగుతుంది. వేగం అందుకోదు. ఇది కారు చేసే మొండితనం కాదు. లెక్క తెలియకుండా గేర్లు మారిస్తే లోపలి భాగాలు అరిగిపోతాయి. వాటిని కాపాడుకోవడానికే అలా చేస్తుంది.

దీపం వెలిగినప్పుడు కంప్యూటరు తన ఫిర్యాదును రాసి పెట్టుకుంటుంది. ఆ రాతనే కోడ్ అంటారు. స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. దానికి 16 రంధ్రాలు. అందులో స్కానర్ పెడితే కోడ్ తెర మీద కనిపిస్తుంది.

అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకే రకం సాకెట్టు, ఒకే రకం కోడ్లు తప్పనిసరి చేశారు. ఇంజను పొగ అదుపులో ఉందో లేదో కనిపెట్టడానికే ఆ నియమం పెట్టారు. మెకానిక్కులకు అది పెద్ద మేలు చేసింది. మన దేశంలో ఈ పద్ధతి 2010లో మొదలైంది. 2013 నుంచి ఇంకా కట్టుదిట్టమైంది.

ఇంజను వేగం అందని కోడ్ పి 0725. దీన్ని విడదీసి చదువుదాం.

మొదటిది ఇంగ్లీషు అక్షరం, పి. నిలువు గీత, దాని పై సగానికి కుడివైపు చిన్న పొట్ట. ఇది ఇంజను, గేర్ల వైపు ఫిర్యాదని గుర్తు. తర్వాత సున్నా. ఇది అన్ని కంపెనీలకూ ఒకటే అయిన కోడ్ అని అర్థం. తర్వాత 7. గేర్ బాక్సు విభాగం. చివరి 25 ఇంజను వేగం సంగతి.

దీనికి పక్కనే మూడు అంకెలున్నాయి. 26 అయితే లెక్క వస్తోంది గానీ పొంతన లేదు. 27 అయితే లెక్క అసలు రావడమే లేదు. 28 అయితే వస్తూ పోతూ ఉంది. చివరి ఒక్క అంకెతో వెతికే దారి మారిపోతుంది. కాబట్టి కోడ్‌ను నోటి మాటగా వినడం చాలదు. కాగితం మీద ఉండాలి. సున్నా ఉన్నచోట సున్నాయే రాయాలి. ఇంగ్లీషు ఓ అక్షరం రాస్తే తికమక.

ఒక మాట గట్టిగా గుర్తుండాలి. కోడ్‌లో 7 ఉంది కాబట్టి గేర్ బాక్సు విప్పాలని కాదు. "నాకు ఇంజను వేగం అందడం లేదు" అని గేరు కంప్యూటరు మొరపెట్టుకుంది. అంతే. ఎందుకు అందడం లేదో కోడ్ చెప్పదు. అది మనుషులు వెతకాలి. డబ్బు పోయేదీ, మిగిలేదీ ఇక్కడే.

కుళాయి లెక్క

మీ ఇంటి కుళాయికి నీళ్ళు రాలేదనుకోండి. ముందు ఏం చేస్తారు? పక్కింటి కుళాయి చూస్తారు. పక్కింటికీ రాకపోతే ట్యాంకులో నీళ్ళు లేవు. పక్కింటికి వస్తూ మీకే రాకపోతే ట్యాంకు బాగానే ఉంది. మీ గొట్టం చూసుకోవాలి.

కారులోనూ అదే లెక్క. చాలా కార్లలో సెన్సార్ తన లెక్కను ముందు ఇంజను కంప్యూటరుకు పంపుతుంది. అక్కడి నుంచి అది గేరు కంప్యూటరుకు పోతుంది. ఒకదానితో ఒకటి మెలేసిన రెండు సన్నటి వైర్ల మీద పోతుంది.

ఇంజను చక్కగా స్టార్టవుతోంది. చుట్ల ముల్లు సరిగా ఆడుతోంది. గేర్లు మాత్రం పడడం లేదు. అంటే పక్కింటికి నీళ్ళు వస్తున్నట్టే! సెన్సార్ బాగానే ఉందన్న మాట. రెండు కంప్యూటర్ల మధ్య వైరును, ప్లగ్గులను చూడాలి. ఇలాంటప్పుడు యు 0100 అనే ఇంకో కోడ్ కూడా పడవచ్చు. ఇంజను కంప్యూటరు నుంచి మాట అందడం లేదని దాని అర్థం.

అలా కాక ఇంజను స్టార్ట్ కావడమే కష్టంగా ఉందనుకోండి. నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. ముల్లు సున్నాకు పడిపోతోంది. పి 0725తో పాటు పి 0335 కూడా కనిపిస్తోంది. అప్పుడు ట్యాంకే ఎండింది. సెన్సార్‌నో, దాని వైరునో, పళ్ళచక్రాన్నో చూడాలి. పి 0335 ఆ సెన్సార్ గురించి ఇంజను కంప్యూటరు చేసే సొంత ఫిర్యాదు.

కొన్ని కార్లలో గేరు కంప్యూటరు కోసం విడిగా మరో సెన్సార్ ఉంటుంది. వాటికి ఈ కుళాయి లెక్క సరిపోదు. ఆ కారు కంపెనీ ఇచ్చిన వైరింగు పటం చూడాలి. మంచి మెకానిక్ పటం చూడకుండా వైరు కోయడు.

ఎప్పుడు చెడింది?

మెకానిక్‌కు కారు అప్పగించేటప్పుడు "గేర్లు పడడం లేదు" అని ఊరుకుంటే అతను చీకట్లో వెతికినట్టే. ఎప్పుడు పడడం లేదు? పొద్దున చల్లగా ఉన్నప్పుడా, ముప్పై కిలోమీటర్లు పోయాకనా? వాన పడ్డాకనా? గుంతలో దిగినప్పుడా? ఈ సంగతులు నడిపేవాళ్ళకే తెలుస్తాయి. స్కానర్‌కు సగమే తెలుస్తుంది.

ఒక కారు పొద్దున బాగా నడుస్తుంది. ఎండలో దూరం పోయాక గేర్లు ఆగిపోతాయి. ముల్లు పడిపోతుంది. చెట్టు కింద అరగంట నిలిపితే మళ్ళీ మామూలే. ఇది సెన్సార్ లోపలి తీగ తెగిన లక్షణం. వేడికి తెగినచోట ఎడం వస్తుంది. చల్లారాక మళ్ళీ అతుక్కుంటుంది. ఇలాంటి కారును చల్లగా ఉన్నప్పుడు పరీక్షిస్తే ఏ తప్పూ దొరకదు. "బాగానే ఉందమ్మా" అని పంపేస్తారు. సాయంత్రానికి మళ్ళీ రోడ్డు మీదే. వేడెక్కించి చూడమని అడగాలి.

వానకు చెడితే ప్లగ్గులో నీళ్ళు చేరి ఉంటాయి. ప్లగ్గు విప్పితే లోపల పచ్చటి చిలుము కనిపిస్తుంది. గుంతల్లో కుదుపుకు చెడితే ప్లగ్గు వదులై ఉండవచ్చు. వైరు ఎక్కడో రాసుకుని ఒరిసిపోయి ఉండవచ్చు. వేడి సైలెన్సరు గొట్టానికి తగిలి పైతొడుగు కాలిపోయి ఉండవచ్చు.

ఎలుకల సంగతి వేరే చెప్పాలి. ధాన్యం బస్తాల పక్కన, పశువుల కొట్టం పక్కన కారు పెడితే ఎలుకలు బానెట్ కిందికి చేరతాయి. చలికాలం రాత్రి ఇంజను వెచ్చగా ఉంటుంది. ఎలుకకు అదే పట్టుపరుపు. పళ్ళు ఊరికే ఉండవు కదా. రెండు వైర్లు కొరికి పెడుతుంది. వేల రూపాయల భాగాలు మార్చాక చివరికి ఎలుక కొరికిన వైరు దొరికితే ఎలా ఉంటుంది? ముందే టార్చిలైటు వేసి చూస్తే పైసా ఖర్చు లేదు.

కోడ్ 26 వచ్చినప్పుడు ఇంకొకటి చూడాలి. మిక్సీ వేస్తే రేడియోలో కరకర వస్తుంది. సెన్సార్ వైరుకూ అలాంటి బాధ ఉంది. అందుకే కొన్ని కార్లలో దాని చుట్టూ లోహపు అల్లిక తొడుగు ఉంటుంది. తొడుగు చిరిగినా, ఎవరో వైరును తీసి స్పార్కు ప్లగ్గు తీగల పక్కన కట్టినా లెక్కలో కరకర కలుస్తుంది. కంప్యూటరు తప్పు లెక్క వింటుంది.

ఇంజను తిరుగుతుండగా వైరు కదిపి చూడడం కూడా ఒక పరీక్షే. కదిపినప్పుడు ముల్లు ఎగిరిపడితే తప్పు అక్కడే ఉంది. ఈ పని తెలిసినవాళ్ళే చెయ్యాలి. పక్కన నిలబడేవాళ్ళు చీర కొంగు, చున్నీ, జడ బాగా చుట్టుకోవాలి. ఇంజను బెల్టు కొంగును లాగితే చెయ్యి కూడా పోతుంది. కొన్ని కార్లలో ఫ్యాను ఉన్నట్టుండి దానంతటదే తిరుగుతుంది.

సెన్సార్‌ను పరీక్షించడం

కంటికి తప్పు కనిపించకపోతే అప్పుడు మీటరు తీయాలి. అయస్కాంతం, తీగచుట్ట ఉన్న సెన్సార్‌కు సాధారణంగా రెండు వైర్లు ఉంటాయి. తీగ తెగిందో లేదో మీటరుతో చూస్తారు. చాలా కార్లలో కొన్ని వందల ఓముల నుంచి వెయ్యి, వెయ్యిన్నర దాకా చూపాలి. ఆ కారుకు ఎంత ఉండాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. అంతు లేకుండా చూపితే తీగ తెగింది. సున్నా చూపితే లోపల ఒకదానికొకటి అంటుకున్నాయి.

మూడు వైర్లుంటే అది వేరే రకం కావచ్చు. దానికి కరెంటు బయటి నుంచి రావాలి. దాన్ని ఓములతో కొలవకూడదు. దానికి కరెంటు అందుతోందా, ఎర్తు సరిగా ఉందా, లెక్క బయటికి వస్తోందా అని చూస్తారు.

సెన్సార్‌ను విప్పినప్పుడు దాని కొస చూడాలి. అయస్కాంతం కాబట్టి ఇనుప రజను పట్టుకుని ఉండవచ్చు. గుడ్డతో తుడిచి బిగిస్తే కొన్నిసార్లు అక్కడితో బాధ తీరుతుంది. కానీ రజను ఎక్కువగా ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. విప్పిన రంధ్రంలోంచి పళ్ళచక్రాన్ని తిప్పి చూస్తారు. ఒక పన్ను విరిగినా లెక్క తప్పుతుంది.

బాటరీని కూడా వదలకూడదు. బాటరీ నీరసపడితే, దాని కొసలకు చిలుము పడితే కంప్యూటర్లు తికమకపడతాయి. లేని తప్పులు కూడా రాసిపెడతాయి.

ఇవన్నీ అయ్యాకనే కంప్యూటరు మీద అనుమానం. అందరికన్నా చివర గేర్ బాక్సు. గేరు ఆయిలు తగ్గినా, మాడు వాసన వచ్చినా గేర్లు చెడతాయి. నిజమే. కానీ ఆయిలు తగ్గినంత మాత్రాన సాధారణంగా పి 0725 రాదు. దానికి వేరే కోడ్లున్నాయి.

సెన్సార్ ఖరీదు కారును బట్టి కొన్ని వందల నుంచి కొన్ని వేల దాకా ఉంటుంది. అందుకే వరస ముఖ్యం. "అన్నా, కోడ్ రాసివ్వు. ఇంకేమైనా కోడ్లు పడ్డాయా? వైరు చూశావా? సెన్సార్‌కు మీటరు పెట్టావా?" అని అడిగితే తప్పు లేదు. పని తెలిసిన మెకానిక్ ఇలా అడిగితే విసుక్కోడు. చూపించి మరీ చెబుతాడు. గేర్ బాక్సు దించాల్సిందే అంటే, ఏ పరీక్షలో అలా తేలిందో చెప్పమనాలి.

కోడ్ రాసుకోకముందే చెరిపేయడం పెద్ద తప్పు. కొందరు బాటరీ తీగ పీకేస్తారు. దీపం ఆరిపోతుంది. కారు బాగైందనుకుంటారు. కోడ్ పడ్డ క్షణంలో ఇంజను వేడి ఎంత, బండి వేగం ఎంత అనే లెక్కలు కూడా దానితో పాటే పోతాయి. తప్పు మాత్రం అక్కడే ఉంటుంది.

దారిలో ఆగితే

కుంటి నడకలో ఉన్న కారును మెల్లగా షెడ్డు దాకా తీసుకుపోవచ్చు. బరువు వద్దు. పెద్ద రోడ్డు మీద ముందు బండిని దాటబోవద్దు. కాలు నొక్కినా వేగం రాదు. ఎదురుగా లారీ వస్తే తప్పుకునే బలం ఉండదు. ముల్లు పడిపోయి, ఇంజను మధ్యలో ఆగిపోతున్న కారును మాత్రం అసలు నడపకూడదు. ఇంజను ఆగితే స్టీరింగు బిగుసుకుంటుంది. బ్రేకు గట్టిపడుతుంది.

ఆయిలు డబ్బా ఉన్న ఆటోమేటిక్ కారును తోసి స్టార్ట్ చేయలేం. పదిమంది తోసినా లాభం లేదు. తాడు కట్టి దూరం లాగడమూ ప్రమాదమే. ఇంజను తిరిగితేనే గేర్ బాక్సులో ఆయిలు పారుతుంది. ఇంజను ఆగి చక్రాలు తిరిగితే లోపలి భాగాలు ఆయిలు లేక రాసుకుని కాలిపోతాయి. వైరు తప్పుతో ఆగిన కారుకు నిజంగానే గేర్ బాక్సు పోతుంది. ఇంజను బలం అందే చక్రాలను నేలకు తగలకుండా ఎత్తాలి. లేదా కారు మొత్తాన్ని లారీ మీదికి ఎక్కించాలి.

బాగయ్యాక కోడ్ చెరిపి, కారును వేడెక్కేదాకా తిప్పాలి. మెల్లగా, వేగంగా, ఎత్తు మీదికి, ఆగి ఆగి. మళ్ళీ స్కానర్ పెట్టి చూడాలి. కొన్ని కోడ్లు రెండు మూడు ప్రయాణాల తర్వాత గానీ తిరిగి పడవు. మార్చిన పాత సెన్సార్‌ను అడిగి తీసుకోవాలి. తేదీ, కారు తిరిగిన కిలోమీటర్లు, కోడ్ బిల్లు మీద రాయించాలి.

బాటరీ తీసి పెట్టిన కార్లలో కొన్ని, నడిపేవాళ్ళ తీరు గురించి నేర్చుకున్నది మరిచిపోతాయి. కొన్ని రోజులు గేర్లు కాస్త మొరటుగా పడతాయి. అది చూసి పాత తప్పు తిరిగి వచ్చిందని కంగారు పడక్కర్లేదు. చుట్ల ముల్లు సరిగా ఆడుతూ, పసుపు దీపం వెలగకుండా ఉంటే చాలు. వారం పది రోజులకు కారు సర్దుకుంటుంది.